పెనుకొండ స్టేషన్లో ఈశ్వరి టీచర్ దిగలేదు

ఈశ్వరి మా బడికి పీఈటీగా వచ్చి తొమ్మిదేళ్లయింది. ముప్పై ఆరేళ్ల మనిషి, పొడగరి. ఆమె నడుస్తుంటే వెనక పిల్లలు పరుగెత్తాల్సిందే. తలుపుల మండలంలో ఒక పల్లె ఆమెది. తండ్రి సుంకప్ప గొర్రెల కాపరి. వేసవిలో మందను తోలుకొని నెలల తరబడి ఊళ్లు తిరిగేవాడు గానీ, కూతురిని మాత్రం హాస్టల్లో ఉంచి, చదువు ఒక్కరోజు కూడా మాన్పించలేదు.

నేను అదే బడిలో తెలుగు చెబుతాను. పేరు నారాయణ. సోమందేపల్లికీ పెనుకొండకీ మధ్య హైవే దిగి, ఆటోలో పావుగంట లోపలికి వస్తే మా బడి. జరిగినదాంట్లో నా తప్పు కూడా ఉంది. అది దాచిపెట్టి ఇంకొకరి మీద కోపం వెళ్లగక్కితే నా మొహం నేనే అద్దంలో చూసుకోలేను. అందుకే ముందే చెబుతున్నాను.

ఈశ్వరి వచ్చేదాకా మా బడిలో గైడ్స్ దళం అంటే కాగితం మీద పేరు మాత్రమే. ఆమె వచ్చాక శనివారం సాయంత్రాలు మైదానం మారిపోయింది. బావి తాళ్లు తెచ్చి ముడులు నేర్పింది. పాత చీరలు చించి కట్లు కట్టించింది. దిక్సూచి ఇచ్చి పిల్లలను పెనుకొండ కోట చుట్టూ నడిపించింది. అట్లా రెండేళ్లు తయారైన పదకొండు మంది ఆడపిల్లలు రాష్ట్రస్థాయి గైడ్ పురస్కారం పరీక్షకు సిద్ధమయ్యారు. వాళ్లలో పావని ముందుంటుంది. పదో తరగతి. తల్లి యల్లక్క గొర్రెలు కాస్తుంది, తండ్రి లేడు. కళ్లు మూసుకొని చేతులు వెనక్కి పెట్టి కూడా ముడి వేయగలదా పిల్ల.

ఆ ఏడాదే ఈశ్వరికి హంగరీ నుంచి పిలుపు వచ్చింది. అక్కడ ఒక సరస్సు ఒడ్డున అంతర్జాతీయ స్కౌటు శిబిరం జరుగుతుందనీ, పని చేయడానికి పెద్దవాళ్లు స్వచ్ఛందంగా రావచ్చుననీ తెలిసి దరఖాస్తు పెట్టింది. ఎంపికైంది. ఖర్చు తనదే, జీతం ఉండదు. అనుమతి కాగితం కోసం నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరకు ఏ పని ఇచ్చారని స్టాఫ్‌రూంలో అడిగితే, నీళ్ల కుళాయిలు, స్నానాల గదులు, మరుగుదొడ్లు చూసుకోవడమని చెప్పింది. ఒకాయన నవ్వాడు. విమానమెక్కి అంత దూరం పోయి దొడ్లు కడగాల్నా అన్నాడు. మన బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు ఊడి రెండేళ్లు అట్లే ఉండె, దాన్ని మొన్న బిగించింది ఎవరో తెలుసా సార్ అని ఆమె అడిగింది. ఆయన టీ తాగడంలో పడ్డాడు.

జులైలో వెళ్లింది. పద్నాలుగు రోజులు. నలభై దేశాల పిల్లలు, వేల డేరాలు. ఆమె బృందంలో ఐర్లండు నుంచి వచ్చిన ముసలి ప్లంబరు ఒకాయన, పోర్చుగల్ నుంచి వచ్చిన తెరేజా అనే నర్సు ఉన్నారు. తెరేజాయే వాళ్లకు పెద్ద. పొద్దున నాలుగున్నరకే లేచి రెండు వందల కుళాయిలు చూసుకోవాలి. మొదటిరోజే ఈశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లలు కుళాయి తిప్పి వదిలేసి పళ్లు తోముకుంటున్నారు. నీళ్లు ధారగా కాలువలోకి పోతున్నాయి. బిందె నీళ్లకు మైలు నడిచిన ఇంటి నుంచి వచ్చిన మనిషి ఆమె. ఒక కొసనుంచి మొదలుపెట్టి కుళాయిలు కట్టేసుకుంటూ నడిచింది, ఆ కొసకు చేరేసరికి ఈ కొసవి మళ్లీ తిరిగి ఉన్నాయి. రెండోరోజు తనే మగ్గులు పోగు చేసి ప్రతి కుళాయి దగ్గరా పెట్టి, మగ్గు నింపుకొని కుళాయి కట్టమని సైగలతో, పీఈటీ ఇంగ్లీషుతో చెప్పింది. నాలుగో రోజుకు పిల్లలే ఒకరినొకరు అదిలించుకోవడం మొదలుపెట్టారు.

ఆ శిబిరంలోనే ఇంకొకటి జరిగింది. ఆరో రోజు ఎవరో మంత్రి శిబిరం చూడటానికి వస్తున్నాడన్నారు. ఎవరూ అడగకుండానే ఈశ్వరి నీళ్ల దగ్గర కనిపించిన ఇరవై మంది పిల్లలను పిలిచి దారికి రెండు వైపులా వరుసలో నిలబెట్టింది. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో కూడా చూపించింది. పదినిమిషాలయ్యాక ఫిన్లాండు పిల్ల ఒకతె, పన్నెండేళ్లుంటాయేమో, వరుస వదిలి ఆమె దగ్గరికి వచ్చి, నాకు పడవ క్లాసు ఉంది, వెళ్తున్నాను అని మర్యాదగానే చెప్పి వెళ్లిపోయింది. వెనకే మిగతావాళ్లూ కదిలారు. ఈశ్వరికి తల కొట్టేసినట్టయింది. తెరేజాకు ఫిర్యాదు చేసింది. ఆ పిల్లకు నిజంగానే క్లాసు ఉంది కదా, నువ్వెందుకు ఆపావు అని తెరేజా అడిగింది. వెటకారం లేదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, ఈడి పిల్లలకు పెద్దంతరం చిన్నంతరం లేదు సార్ అని కోపంగా చెప్పింది. మూడు రోజుల తర్వాత మళ్లీ ఫోన్. ఈసారి గొంతు వేరు.

"సార్, ఈ తొమ్మిదేండ్లలో ఎవరెవరి కోసం మన పిల్లల్ని ఎండలో నిలబెట్టినానో గుర్తు చేసుకుంటాండా. వాళ్లలో ఒక్కరి పేరు గూడా ఆ పిల్లలకు గుర్తుండదు. క్లాసులు పోయింది మాత్రం నిజం."

నేను ఏదో సర్దిచెప్పాను. అప్పటికే ఇక్కడ నా చేతి మీదుగా ఇంకో పని జరిగిపోయిందని ఆమెకు చెప్పలేదు.

సంగతేమంటే, గైడ్ పురస్కారం పరీక్ష ధర్మవరంలో పెట్టారు. మూడు రోజుల శిబిరం. మొదటిరోజు, శుక్రవారం, ఈశ్వరి తిరిగొచ్చే రోజే. అందుకని వెళ్లేముందే ఆమె అన్నీ అమర్చిపెట్టింది. సైన్సు చెప్పే వనితా టీచర్ పిల్లలను పొద్దున రైల్లో తీసుకెళ్లాలి. పదకొండు గంటలలోపు పేర్లు రాయించాలి. తల్లిదండ్రుల ఒప్పుకోలు కాగితాలు, హెడ్మాస్టరు బసవరాజు సార్ సంతకం, అన్నీ ఫైల్లో ఉన్నాయి.

బసవరాజు సార్ చెడ్డవాడు కాదు. బడికి గోడ కట్టించాడు, బోరు వేయించాడు. కానీ ఫోటో అంటే ప్రాణం. మన బడి టీచరు విదేశం పోయి వస్తోంది, స్టేషన్లో ఘనంగా స్వాగతం చెప్పాలన్నాడు. మండల నాయకుడొకాయన వస్తానని ఒప్పుకున్నాడన్నాడు. విమానాశ్రయం నుంచి నేరుగా బస్సెక్కితే ఆమె సోమందేపల్లిలో దిగుతుంది. అక్కడ ఫోటో బాగుండదు. అందుకని రైల్లో రమ్మని ఆమెకు చెప్పే పని నాకు అప్పజెప్పాడు. చెప్పాను. స్వాగతం మాట ఎత్తలేదు. సామాను మోయడానికి మనుషులు వస్తారనుకుంది పాపం. ఫ్లెక్సీకి మాటలు కూడా నేనే రాశాను. ఖండాంతరాలలో తెలుగింటి కీర్తి పతాక అని రాశాను. రాసి మురిసిపోయాను కూడా.

శుక్రవారం పొద్దున పిల్లలు బ్యాగులతో, ఇస్త్రీ చేసిన నీలం యూనిఫాంలలో, మెడలో స్కార్ఫులతో బడికి వచ్చారు. హెడ్మాస్టరు వాళ్లను టెంపో ఎక్కించి పెనుకొండ స్టేషనుకు తెచ్చాడు. గైడ్ టీచరుకు గైడ్ పిల్లలే గదా పూలు చల్లాల అన్నాడు. పరీక్ష సంగతి వనితా టీచర్ గుర్తుచేస్తే, ధర్మవరం యాడికీ పోదు, మధ్యాన్నం పంపిస్తాం అన్నాడు. పదకొండు దాటితే పేర్లు రాయరని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. నేను నోరు మెదపలేదు.

ధర్మవరం వైపు పోయే పొద్దుటి రైలు పిల్లల కళ్ల ముందే వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. చేతుల్లో పూల పళ్లాలు పట్టుకొని చూస్తూ నిలబడ్డారు.

ఎనిమిదిన్నర నుంచి నిలబడ్డారు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఆషాఢం గాలి తప్ప మబ్బు తునక లేదు. ప్లాట్‌ఫారం మధ్యలో రేకుల నీడ ఉంది గానీ, అక్కడ వెలుతురు సరిగా పడదని ఫోటోగ్రాఫరు పిల్లలను చివరికి, నీడ లేని చోటికి జరిపించాడు. ఈశ్వరి రైలు గంటన్నర ఆలస్యం. నాయకుడు దగ్గరలో ఎవరింట్లోనో కూర్చొని, రైలు కనబడితే ఫోన్ చేయమన్నాడట. హెడ్మాస్టరూ మేమూ నీడలోనే ఉన్నాం. ఒక పిల్ల నీళ్లు అడిగితే, ఫోటో అయ్యేదాకా కదలొద్దని ఎవరో అన్నారు. ఎవరో కాదు, మాలో ఒకరం.

పదీ నలభైకి నా ఫోన్ మోగింది. ఈశ్వరి. రైలు హిందూపురంలో ఆగిందనీ, వనితా టీచర్ ఫోన్ ఎత్తడం లేదనీ, పిల్లలు ధర్మవరం చేరారా అనీ అడిగింది. వనితా టీచర్ నా పక్కనే తల వంచుకొని ఉంది.

"ఈడే ఉండారు మేడమ్," అన్నాను.

"ఈడే అంటే యాడ?"

"పెనుకొండ స్టేషన్లో. మీకు స్వాగతం చెప్పేదానికి."

ఎప్పటినుంచి నిలబడ్డారని, ఏమైనా తిన్నారా అని, బ్యాగులు ఎక్కడున్నాయని ఒక్కొక్కటే అడిగింది. నేను ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. ప్రతి జవాబుకూ నా గొంతు తగ్గుతూ వచ్చింది.

"సార్, ధర్మవరానికి పదకొండు టికెట్లు తీయండి. బ్యాగులు ప్లాట్‌ఫారం మీదికి తెప్పించండి. హెచ్ఎం సార్‌తో నేను మాట్లాడతా. ఈ మాత్రం చేస్తారా?"

చివరి మాట ఆమె అడిగిన తీరు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. నేను కౌంటరు దగ్గరికి వెళ్లి పదమూడు టికెట్లు తీశాను. వనితా టీచర్‌కూ నాకూ కలిపి.

రైలు కనబడేసరికి నాయకుడి కారు వచ్చింది. బాజా మొదలైంది. ఆమె ఉన్న పెట్టె సరిగ్గా పిల్లల ముందే ఆగింది. తలుపులో ఈశ్వరి నిలబడి ఉంది. రెండు రాత్రులు నిద్రలేని మొహం, నలిగిన చొక్కా, వీపున పెద్ద సంచి. కిందికి దిగలేదు.

"ఎక్కండమ్మా," అంది పిల్లలతో.

పిల్లలు హెడ్మాస్టరు వైపు చూశారు. పావని చేతిలోని పళ్లెం నేల మీద పెట్టింది. బ్యాగు తీసుకొని ఎక్కింది. వెనకే మిగతా పదిమంది.

బసవరాజు సార్ దండతో ముందుకొచ్చాడు. "ఏమమ్మా ఈశ్వరీ, ముందు దిగు. ఒక్క ఫోటో. మధ్యాన్నం నేనే పంపిస్తా అని చెప్పినా గదా."

"పదకొండుకే పేర్లు రాయడం అయిపోయింటాది సార్. మీరే సంతకం పెట్టినారు. నా కోసమని వాళ్ల పరీక్ష పోగొట్టినారు. ఈ దండ నేనెట్ల వేసుకోవాల?"

ఆమె అరవలేదు. కానీ బాజావాళ్లు కూడా ఆపేశారు. వెనక నాయకుడు పక్కనున్నవాడిని, ఎవరబ్బా ఈమె అని అడిగాడు. నేను ఎక్కుతూ విన్నాను. ఎవరిని సన్మానించడానికి వచ్చాడో ఆమె ఎవరో ఆయనకు తెలియదు. ఆ మనిషి కోసం పిల్లలు దాదాపు మూడు గంటలు మాడారు. రైలు కదిలింది.

పెట్టెలో ఆమె హంగరీ ముచ్చట ఒక్కటి చెప్పలేదు. సీసాలోని నీళ్లు అందరికీ తాపించింది. సంచిలోంచి బిస్కెట్లు తీసి పంచింది. పావని నుదురు పట్టి చూసి, స్కార్ఫు తడిపి తలకు చుట్టింది. తర్వాత నా వైపు తిరిగి, ఆ ఫ్లెక్సీ మాటలు మీవేనా సార్ అని అడిగింది. అవునన్నాను. బాగుండాయి అని, కిటికీ వైపు తిరిగింది. తిట్టినా బాగుండేది.

ధర్మవరంలో శిబిరం ఒక కల్యాణ మంటపంలో పెట్టారు. మేం చేరేసరికి పన్నెండున్నర. పరీక్షాధికారి వసుంధర మేడమ్, రిటైరైన హెడ్మిస్ట్రెస్, రిజిస్టరు మూసి అన్నానికి లేస్తోంది. ఆలస్యంగా వచ్చిన దళాన్ని చేర్చుకునే నిబంధన లేదంది. మిగతా బళ్ల పిల్లలు తెల్లవారకముందే వచ్చి కూర్చున్నారు, వాళ్లకు అన్యాయం చేయలేనంది. ఆమె మాటలో తప్పు లేదు. తప్పు లేని మనిషి ముందు బతిమాలుకోవాల్సి రావడమే నాకు మరీ రోషం తెప్పించింది.

ఈశ్వరి చెప్పబోతే పావని అడ్డొచ్చింది.

"మేడమ్, మమ్మల్ని అడగండి. మేము ఏడు గంటలకే బ్యాగులు తీసుకొని బడికి వచ్చినాము. స్టేషన్లో పూలపళ్లాలు పట్టుకోమన్నారు. రైలు మా ముందే పోయింది."

వసుంధర మేడమ్ పిల్లలను ఒక్కొక్కరినే చూసింది. ఎండకు కమిలిన మొహాలు, స్కార్ఫులకు అంటుకున్న బంతి రేకలు. ఎవరు నిలబెట్టారని అడిగింది. పిల్లలు పేరు చెప్పలేదు. నేను చెప్పాను. నిలబెట్టినవాళ్లలో నేనూ ఉన్నానని కూడా చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసిన చూపుకు నేను మళ్లీ మూడో తరగతి పిల్లవాణ్ణయ్యాను. గైడ్స్ జిల్లా కమిషనర్‌కు ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. పొద్దున పోయిన ప్రథమచికిత్స పరీక్ష సాయంత్రం వేరుగా పెడతాననీ, ఒక్క మార్కు కూడా కలపననీ, మీరు ముందు వాళ్లకు అన్నం పెట్టించండనీ చెప్పింది.

ఆ సాయంత్రం కట్లు కట్టే పరీక్షలో పదకొండు మందీ గట్టెక్కారు. మరుసటిరోజు ముడులు, దిక్సూచి. ఆఖరు రోజు నడక, ఆరుబయట వంట. శనివారమే పావనికి ఒళ్లు కాలిపోయింది. వడదెబ్బ అన్నాడు డాక్టరు. పిల్ల ఆదివారం పొద్దున లేచి బూట్లు వేసుకొని, గుమ్మం దాకా నడిచి, అక్కడే కూలబడింది. నడక పూర్తి చేయనివాళ్లకు పురస్కారం లేదు.

పదిమంది నెగ్గారు. అందరికన్నా బాగా తయారైన పిల్ల నెగ్గలేదు. పదో తరగతి కాబట్టి మా బడి నుంచి ఆ పిల్లకు ఇదే ఆఖరు అవకాశం.

సోమవారం ఈశ్వరికి మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా విద్యార్థినులను రైలెక్కించినందుకూ, స్వాగత కార్యక్రమంలో పెద్దలను అవమానించినందుకూ సంజాయిషీ ఇవ్వాలని ఉంది. ఆమె జవాబు రెండు వాక్యాలు. మొదటిది, అనుమతి మీరే ఇచ్చారు, నకలు జతపరిచాను అని. రెండోది, ఇకమీదట ఎవరి స్వాగతానికీ గైడ్ పిల్లలను పంపను, నాకైనా సరే అని. ఆ జవాబు కింద సాక్షిగా నేనూ సంతకం పెట్టాను. వనితా టీచరూ పెట్టింది.

అప్పటికీ బసవరాజు సార్‌కు తన తప్పేమిటో తెలియలేదు. గౌరవం ఇస్తే కాలదన్నింది అని స్టాఫ్‌రూంలో అంటూనే ఉన్నాడు. కొందరు తలలూపారు. నాకు ఒళ్లు మండింది. ఆడపిల్లలు పూలు పట్టుకొని నిలబడటం వీళ్లకు గోడ మీద సున్నంలాంటిది. కనబడను కూడా కనబడదు.

బుధవారం యల్లక్క బడికి వచ్చింది. మందను ఎవరికో అప్పజెప్పి, భుజాన కంబళితోనే వచ్చింది. హెడ్మాస్టరు గదిలో నేనూ ఈశ్వరీ ఉన్నాం. బసవరాజు సార్ కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. పాపకు జ్వరం తగ్గిందా అని ఆయన అడిగాడు. తగ్గిందంది. పురస్కారం పోతే పోయింది, బడికి పేరొచ్చే పని గదా, ఏదో ఆ పొద్దు అట్ల జరిగింది అని ఆయన అంటుండగా ఆమె అడ్డుకుంది.

"మేము గొర్రెల్నే మిట్టమధ్యాన్నం ఎండలో నిలబెట్టము సార్. నీడకు తోలుతాము. నా బిడ్డ మీకు గొర్రె పాటి గూడా కాకపాయె."

ఆయన మొహం ఎర్రబడింది. బల్ల మీది కాగితాలు ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిపాడు. యల్లక్క ఈశ్వరి వైపు తిరిగి, పావని రేపటినుంచి వస్తుందని చెప్పి, కంబళి సర్దుకొని వెళ్లిపోయింది.

మెమో ఇంకా నడుస్తోంది. పై ఆఫీసు నుంచి ఏ ఉత్తరువూ రాలేదు. పావని వచ్చే ఏడు హిందూపురంలో ఇంటర్ చేరుతుంది. అక్కడ గైడ్స్ దళం ఉందో లేదో ఈశ్వరి కనుక్కుంటోంది. లేకపోతే పెట్టించాలని ఇప్పటికే ఇద్దరు ప్రిన్సిపాళ్లను కలిసి వచ్చింది. ఒకాయన చూద్దామన్నాడట. ఇంకొకాయన, దళం ఉంటే మంచిదే మేడమ్, అతిథులొచ్చినప్పుడు పనికొస్తారు అన్నాడట.

ఈ ముక్క చెబుతూ ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.